నెట్టు దాటిన నాన్న

తిరువూరు,
9-6-1999

చిరంజీవి వినీలకు,

మీ అమ్మా నేనూ ఒకరినొకరం ఇంకా చంపుకోలేదు కాబట్టి ఇక్కడ క్షేమమే. అక్కడి సంగతి నువ్వు రాస్తే తెలుస్తుంది.

ముందుగా వార్డెన్ సుబ్బాయమ్మ గారికి నమస్కారం. అమ్మా, హాస్టల్ పిల్లలకి వచ్చే ఉత్తరాలన్నీ మీరు విప్పి చదివాకే ఇస్తారని చేర్పించిన రోజే చెప్పారు. చదవండి. ఇది రాసినవాడికి నలభై ఏడేళ్ళు, పొట్ట కూడా ఉంది, ప్రేమలేఖేమో అని మీరు కంగారుపడనక్కర్లేదు. దస్తూరీ అర్థం కాకపోతే మా అమ్మాయినే పిలిచి చదివించుకోండి. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగం.

వినీ, నిన్న క్రికెట్లో పాకిస్తాన్ మీద మనవాళ్ళు గెలిచారు. ఊరంతా టపాకాయలు. నేను మాత్రం శని, ఆదివారాలు పారిస్‌లో ఉన్నాను. వరల్డ్ కప్పు వదిలి టెన్నిస్ ఎవడు చూస్తాడు, ఆ ఛానెల్ పెట్టేది లేదు అన్నాడు కేబుల్ వాడు. కలెక్టరు గారి బావమరిది మా ఇంట్లో దిగాడు, ఆయన టెన్నిస్ తప్ప ఇంకోటి చూడడు అని కబురు పెట్టాను. టీ తాగేలోపు బొమ్మ వచ్చింది. బావమరిది గారి కోసం వాడు మామిడిపళ్ళు కూడా పంపాడు. బావమరిది తరఫున నేనే తిన్నాను.

నువ్వు పక్కన లేకుండా చూడటం ఇదే మొదలు. మన విస్సన్నపేట తోటలో ఎర్రమట్టి ఎత్తుకెళ్ళి ఆ టెన్నిస్ కోర్టులో పరిచారే అని నేనంటే, "అది ఇటుకపొడి నాన్నా" అని దిద్దే మనిషి లేదు. మీ అమ్మని కూర్చోబెట్టాను. పదిహేను తర్వాత ముప్పై, ముప్పై తర్వాత నలభై ఎట్లా అవుతుందని అడిగి, పత్తి కొనేవాడి లెక్కలా ఉందని లేచిపోయింది.

మగవాళ్ళ ఫైనల్లో అగస్సీ మొదటి రెండు సెట్లూ పోగొట్టుకున్నాడు. మనిషి మొహంలో కళ లేదు. చేలో వాన లేక నిలబడ్డ రైతులా ఉన్నాడు. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నా. అక్కణ్ణుంచి మూడు సెట్లూ వరసగా లాక్కున్నాడు. అదమ్మా ఆ నేల పద్ధతి. మట్టి మీద ఒక్క దెబ్బకి పాయింటు రాదు. బంతి బద్ధకంగా లేస్తుంది, ఎవడికి ఓపిక ఉంటే వాడిది. మొన్నటి ఎంసెట్‌లో నీకు మెడిసిన్ సీటు కొద్దిలో తప్పింది. అది పోయిన సెట్టు. ఈ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగు రెండో సెట్టు. ఓపిక పట్టు.

ఆడవాళ్ళ ఫైనల్లో మన హింగిసే స్టెఫీ మీద గెలిచింది.

టీ కొట్టు దగ్గర దశరథరామయ్య మాస్టారు రోజూ "మన డాక్టరమ్మ ఎట్లా ఉందయ్యా" అంటున్నారు. నాకు బీపీ చూస్తుందా అన్నారు. చూస్తుంది గానీ మాస్టారూ, నాలుక మాత్రం బయటపెట్టకండి, దానికి మందు లేదు అన్నాను.

మీ నాన్న,
ఏడుకొండలు


విజయవాడ,
20-6-1999

నాన్నకు,

నీ ఉత్తరం ఇస్తూ వార్డెన్ మేడమ్ "మీ నాన్నగారికి నిజంగా పొట్ట ఉందా" అని అడిగారు. నవ్వలేదు.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ రోజు బెల్లుతో మొదలై బెల్లుతో అయిపోతుంది. మధ్యలో ఏం జరిగిందో అడిగితే చెప్పలేను. స్నానానికి వరస, అన్నానికి వరస, డౌట్లు అడగటానికి వరస. వరసలో నిలబడి కూడా పుస్తకం చదవాలి. పక్క మంచం శర్వాణి నిద్రలో ఫార్ములాలు చెబుతుంది. తప్పు చెబితే నాకు మెలకువ వస్తోంది.

హింగిస్ ఎట్లా గెలిచింది? అగస్సీ గురించి అంత రాసి, ఆమె గురించి ఒక్క లైను రాశావు. చివరి పాయింటు ఏంటి? ఏడ్చిందా, నవ్విందా? నాదీ ఆమెదీ ఒకటే ఈడు కదా, అందుకని అడుగుతున్నాను. ఇక్కడ టీవీ లేదు, పేపరు రానివ్వరు.

ప్రతి ఆదివారం టెస్టు పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. మొన్న ఫిజిక్స్‌లో నేను సరైన జవాబే పెట్టాను. వాళ్ళ కీలోనే తప్పుంది. సార్‌కి చూపిస్తే "కీ అంటే కీయేనమ్మా" అన్నారు. ఆ ఒక్క మార్కుతో ఏ సెక్షన్లోంచి బీలోకి వచ్చాను. ప్రశ్న కూడా ఇందులో రాశాను చూడు. ఊరికే చెప్పాను నాన్నా, నువ్వేం చెయ్యొద్దు.

అమ్మని అడిగానని చెప్పు.

వినీల


తిరువూరు,
2-7-1999

వినీ,

చివరి పాయింటు అడిగావు కదా, విను. స్టెఫీ కొట్టిన బంతి గీత దాటి బయట పడింది. హింగిస్ రాకెట్టు పైకి విసిరేసింది. అది ఇంకా కింద పడకముందే తను మోకాళ్ళ మీద పడిపోయి, ఆ ఎర్రమట్టి చిటికెడు తీసి నుదుటికి పెట్టుకుంది. ఫ్రాన్సు వాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని తెగ చప్పట్లు. నవ్వింది, ఏడ్చింది, రెండూ చేసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. స్టెఫీ అంత పెద్ద మనిషిని ఆ మట్టిలో అటూ ఇటూ పరిగెత్తించి చంపిందనుకో. పాఠం ఏంటంటే, ఎదుట ఎవరున్నారని చూడొద్దు, బంతిని చూడు.

రాయప్ప ఎరువుల కొట్టు ముందు "ఇచ్చట అప్పు అడిగినవారికి టీ ఇవ్వబడును" అని బోర్డు తగిలించాను పొద్దున. మధ్యాహ్నం దాకా వాడికి తెలియలేదు. జనం టీ తాగిపోతూనే ఉన్నారు.

సుబ్బాయమ్మ గారూ, ఆ ఫిజిక్స్ ప్రశ్న సంగతి మా అమ్మాయి వదిలెయ్యమంది కాబట్టి వదిలేశాను. తల్లిదండ్రులు నెలాఖరు ఆదివారం తప్ప రాకూడదనే మీ రూలు నాకు గుర్తుంది. నేనేమీ రావడం లేదు.

నాన్న


విజయవాడ,
18-7-1999

నాన్నకు,

నువ్వు వచ్చి వెళ్ళాక ఏం జరిగిందో రాస్తున్నాను. నీకు సగమే తెలుసు.

తలకి తువ్వాలు చుట్టి పాలక్యాన్ల బండితో లోపలికి వచ్చావట. వంటగదిలోంచి తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళావట. "ఎవరయ్యా నువ్వు" అంటే, "పాలవాణ్ణండి. పాలల్లో నీళ్ళెన్నో నేను చెప్తాను, మీ కీలో తప్పులెన్నో మీరు చెప్పండి" అన్నావట. ఆ ప్రశ్న కాగితం బల్ల మీద పరిచి చూపించావట. సార్లందరూ నవ్వారట. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు.

కీ దిద్దారు నాన్నా. మార్కు కలిపారు. అందరికీ కలిపారు. అందరికీ ఒక మార్కు పెరిగితే నా స్థానం ఎక్కడిదక్కడే ఉంది. పైగా పేపరు బయటికి పంపానని నన్ను పిలిపించి, క్షమాపణ రాయించుకుని, నెల్లాళ్ళు ఆఖరి సెక్షన్లో వేశారు. అక్కడ ఫ్యాను తిరగదు, సార్లు సగం రోజులు రారు. ఒకమ్మాయి "మీ నాన్న పాలు పోస్తాడంటగా, మాకు పెరుగు తెప్పిస్తావా" అంది. అవునన్నాను. కాదని చెప్పే ఓపిక లేక.

ఇంకో సంగతి. అమ్మ అక్కమ్మత్తతో ఆవకాయ సీసా పంపింది. దానికి చుట్టింది పాత పేపరు. నూనె మరకల్లోంచి చదివాను. హింగిస్ ఓడిపోయింది.

మొదటి సెట్టు గెలిచిందట. రెండోదాంట్లోనూ ముందే ఉందట. ఒక బంతి బయట పడిందన్నారట. కాదు, లోపలే పడింది, మట్టిలో గుర్తుంది అంటూ నెట్టు అవతలికి నడిచి వెళ్ళి వేలు పెట్టి చూపించిందట. అవతలి వైపుకి వెళ్ళకూడదట. ఒక పాయింటు కోశారట. అక్కణ్ణుంచి జనమంతా ఆమెకి ఎదురు తిరిగారట.

మట్టి నుదుటికి పెట్టుకుందని నువ్వు రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాను. మూడుసార్లు చదువుకున్నాను.

గెలిచిందని అబద్ధం చెప్పినందుకు కోపం లేదు. కానీ నువ్వు అదంతా కళ్ళారా చూశావు. నెట్టు దాటితే ఏమవుతుందో చూశావు. చూసి కూడా పాలబండి ఎక్కి వచ్చావు.

వినీల


తిరువూరు,
30-7-1999

వినీ,

మీ అమ్మ నన్ను చాలాసార్లు పట్టించింది గానీ ఆవకాయ సీసాతో పట్టించడం ఇదే మొదలు. ఆ పేపరు పరుపు కింద పెట్టాను. నేను ఏది దాస్తే అది వాడుకోవడం ఆవిడ పద్ధతి.

పాలబండి సంగతిలో నేను చెప్పడానికేం లేదు. మార్కు కలిపించానని బస్సులో మీసం దువ్వుకుంటూ వచ్చాను. అందరికీ కలిపితే కలిపినట్టు కాదని నాకు తట్టనేలేదు. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

ఆ రోజు జరిగింది ఇప్పుడు నిజంగా రాస్తాను. తను ఇంకాస్తయితే గెలిచేది. గెలుపు అంత దగ్గరగా ఉంది. ఆ బంతి నాకైతే గీత మీదే పడ్డట్టు కనబడింది, కానీ నేను చూసింది మన టీవీలో, మన టీవీలో గీతలన్నీ రెండుగా ఉంటాయి. జనం ఈలలు వేస్తుంటే పిల్ల మొహం తిప్పుకుంది. చివర్లో ఏమీ తోచక సర్వీసు చిన్నపిల్లల్లా కింద నుంచి వేసింది. దానికీ ఈలలు వేశారు. ఓడిపోయి ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ పట్టుకుని మళ్ళీ తీసుకొచ్చింది. బహుమతులు ఇవ్వడం అయ్యాక నేను టీవీ కట్టేశాను. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి "ఎవరు పోయారు" అంది.

నువ్వక్కడ చేరి పట్టుమని పదిరోజులు కాలేదు. నీకు ఇది ఎట్లా రాయాలి? పోస్టులో గెలిచినట్టు రాస్తే ఆ హాస్టల్ గోడల మధ్యన్నా గెలిచినట్టే ఉంటుందిలే అనుకున్నాను.

అయినా చూడు, ఏడ్చినా తిరిగి వచ్చింది కదా. ఓడినవాళ్ళకిచ్చే పళ్ళెం అందరి ముందూ చేతిలోకి తీసుకుంది కదా. ఆఖరి సెక్షన్ అంటే అంతే. నెల తిరిగేసరికి నువ్వు మళ్ళీ ఏలో ఉంటావు. ఉండాలి. రాయప్ప వాళ్ళబ్బాయికి ఇంజనీరింగ్ సీటు రాక ఇక్కడ డిగ్రీలో చేరినప్పుడు, "ఆ కాలేజీలో బెంచీలకైనా డిగ్రీ ఇస్తారు, కదలకుండా కూర్చుంటే చాలు" అని ఏడాదంతా ఊరిని నవ్వించింది నేనే. వాడు మర్చిపోలేదు. కాచుకుని ఉన్నాడు. వాడికి ఆ సంతోషం ఇవ్వొద్దమ్మా.

పత్తికి పురుగు పట్టింది. మందు కొడుతున్నాం. అది కూడా వాడి కొట్లోదే.

నాన్న


విజయవాడ,
22-8-1999

నాన్నకు,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. చదువు బాగా సాగుతోంది. మళ్ళీ బీ సెక్షన్‌కి వచ్చాను. భోజనం బాగుంటుంది. నువ్వు చెప్పినట్టే ఓపికగా ఉన్నాను. అమ్మకి నమస్కారాలు. పత్తి జాగ్రత్త.

వినీల

ఏడుకొండలు గారికి,

ఇది రాయడం మా రూల్సుకి విరుద్ధం. మీ అమ్మాయి రాసిన పై ఉత్తరం నాలుగోది. మొదటి మూడూ చింపేసింది. సరిగా తినడం లేదు. పుస్తకం ముందు కూర్చుని ఒకే పేజీ గంటల తరబడి చూస్తోంది. క్లాసులో అడిగితే లేచి నిలబడుతోంది గానీ మాట్లాడటం లేదు. డాక్టరుకి చూపించాం, జబ్బేమీ లేదన్నాడు.

మీ ఉత్తరాలన్నీ నేను చదివాను. బాగా రాస్తారు. నేను గదిలో తలుపేసుకుని నవ్వుకున్నాను కూడా. కానీ ఎవరెవరు ఎట్లా ఆడారో చెప్పడమే గానీ, పిల్లని మీరు ఒక్క ప్రశ్న అడగలేదు.

సుబ్బాయమ్మ, వార్డెన్


తిరువూరు,
26-8-1999

వినీలా,

అలిసిపోయావా?

నాన్న


విజయవాడ,
31-8-1999

నాన్నకు,

అవును.

ఆ ఒక్క మాట రాసి పంపేద్దామనుకున్నాను. మేడమ్ చదివి, కాగితం నాకే తిరిగిచ్చి, "ఇంకాస్త రాయమ్మా, తపాలా బిళ్ళ ఎటూ ఒకటే కదా" అన్నారు.

పడుకుంటే పోయే అలసట కాదు నాన్నా. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడతాయి, చదివినట్టే ఉంటుంది, పేజీ తిప్పితే ఏం లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతున్నాను. మొన్న నా పేరు పిలిస్తే నేను కూడా ఎవరా అని చుట్టూ చూశాను.

డాక్టరవ్వాలన్నది నీ కోరికేనని నీ మీద తొయ్యను. నాకూ ఉండేది. టెన్త్‌లో కప్పని కోసిన రోజు రాత్రంతా అదే ఆలోచన. ఇప్పుడు లేదు. ఎప్పుడు పోయిందో తెలీదు. వెతికాను కూడా.

రెండు సెట్లు పోయినా లేచి గెలిచినవాళ్ళ గురించి రాస్తావు. ఓడి కూడా తిరిగి వచ్చి నిలబడ్డవాళ్ళ గురించి రాశావు. సగంలో ఆపి, చెయ్యి కలిపి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉంటారు కదా. మనిద్దరం చూశాం ఒకసారి. తొడ పట్టేసి ఒకతను సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతే నువ్వు "పాపం, నొప్పి వాడిది, మనకేం తెలుస్తుంది" అన్నావు. ఆ మాట ఎప్పుడు రాస్తావా అని చూశాను.

నాకు ఇంటికి రావాలనుంది.

ఇన్నాళ్ళూ రాయంది ఎందుకంటే, నేను వచ్చేస్తే నువ్వు టీ కొట్టుకి ఎట్లా వెళ్తావు? ఊళ్ళో నువ్వు ఎవరినీ వదల్లేదు. రాయప్ప బాబాయి ఒక్కడే కాదు, అందరూ ఉన్నారు. నిన్ను చూసి వాళ్ళు నవ్వుతుంటే నేను లోపల కూర్చుని వినాలి. దానికన్నా ఇక్కడే ఉంటే నయమేమో అనిపిస్తుంది. నువ్వే చెప్పు.

వినీల


తిరువూరు,
3-9-1999

వినీ,

నీ ఉత్తరం చదివి, జేబులో పెట్టుకుని, తిన్నగా టీ కొట్టుకే వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఇక ఎప్పటికీ వెళ్ళలేనని భయం వేసింది.

మాస్టారు ఉన్నారు. రాయప్పా ఉన్నాడు. ఇంకా అయిదారుగురు, నా నోట పడనివాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

"ఏమయ్యా, మన డాక్టరమ్మ ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"డాక్టరమ్మ లేదండి మాస్టారూ. మా అమ్మాయి ఉంది. ఆదివారం ఇంటికొస్తోంది."

"సెలవులా?"

"కాదండి. మానేసి వస్తోంది."

బజ్జీల మూకుడు చప్పుడొకటే వినబడుతోంది. రాయప్ప గ్లాసు కింద పెట్టాడు. వాడు లోపల మాటలు పేర్చుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ పేర్చుకోవడం ఎట్లా ఉంటుందో నాకంటే ఎవడికి తెలుసు.

"అనరా, ఏమంటావో అను" అన్నాను.

"ఏమంటానన్నా," అన్నాడు తాపీగా, "మావాడి కాలేజీలో ఒక బెంచీ ఖాళీగా ఉంది. కదలకుండా కూర్చుంటుందా మీ అమ్మాయి?"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు రాలేదు గానీ నవ్వాను. ఆ తర్వాత ఎవరో పత్తి రేటు ఎత్తారు, పురుగు ఎత్తారు, మాట అటు వెళ్ళిపోయింది. అంతే వినీ. ఇంకేం జరగలేదు. నేను ఇన్నాళ్ళు భయపడింది, నిన్ను అక్కడ కూర్చోబెట్టింది, ఆ కాస్త నవ్వుకి. టీ చల్లారేలోపు అయిపోయింది. రేపు మళ్ళీ నవ్వుతారు. ఎల్లుండి కూడా. వాళ్ళకి రావలసిందే అది.

మీ అమ్మకి చెప్పాను. నీ మంచం మీద నేను ఆరేసిన మిరపకాయలు ఎత్తి కిందకి దించింది. గది అంతా తుమ్ములు.

సుబ్బాయమ్మ గారూ, మీరు రాసిన నాలుగు ముక్కలు నా చొక్కా జేబులో ఉన్నాయి. మీతో ఏదో ఒక వేళాకోళం ఆడాలని కలం పట్టుకున్నాను. రావడం లేదు. ఆదివారం మొదటి బస్సుకి వస్తాను. పిల్లకి కాస్త అన్నం పెట్టించి ఉంచండి.

వినీ, పుస్తకాలు మొయ్యొద్దు, ఎవరికైనా ఇచ్చెయ్. దారిలో నేనేమీ చెప్పను. నువ్వు కిటికీ పక్కన కూర్చో. ఇంటికి వచ్చి పడుకో, దసరా దాకా పడుకున్నా ఎవరూ లేపరు. మధ్యలో ఎవడైనా గుమ్మంలోకి వచ్చి "తర్వాతేంటమ్మా" అని నిన్ను అడిగితే, వాడి సంగతి నేను చూసుకుంటాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

నాన్న